తాళము తప్పినది చేయియా, యంత్రమా?

పాట వినబడుచుండును. తెరపై చిన్న చిన్న గుర్తులు ఒకదాని వెనుక ఒకటి జారుచు వచ్చి ఒక గీతను తాకుచుండును. గుర్తు గీతను తాకిన క్షణమున ఆటగాడు మీటను నొక్కవలెను, లేదా తెరను వ్రేలితో తట్టవలెను, లేదా కాలితో ఫలకమును త్రొక్కవలెను. ఆ క్షణము పాటలోని తాళపు దెబ్బతో కలిసియుండునట్లు ముందే ఏర్పాటు చేయబడియుండును. ఆటగాడు నొక్కిన వెంటనే యంత్రము తీర్పు చెప్పును: అత్యుత్తమము, మంచిది, ఫరవాలేదు, తప్పినది. రెండు నిముషముల పాటలో ఇట్టి తీర్పులు కొన్ని వందలు వెలువడును. కఠినమైన పాటలలో వేయి దాటుటయు కలదు. లయ క్రీడలు అనబడు వీడియో ఆటల స్వరూపము స్థూలముగా ఇంతియే.

ఒక విద్యార్థి తన ఫోనులో ఈ ఆటను తీగగల ఇయర్‌ఫోనుతో ఆడి చాల మంచి ఫలితము పొందెననుకొందము. మరునాడు అదే ఫోనులో, అదే పాటను, తీగలేని బ్లూటూత్ ఇయర్‌ఫోనుతో విని ఆడినాడు. ఈసారి పాటను నమ్మి తట్టిన ప్రతి తట్టునకును యంత్రము 'ఆలస్యము' అనియే తీర్పు చెప్పినది. పాట మారలేదు, చేయి మారలేదు. మరి తాళము తప్పినదెవరు? ఆటగాని నేర్పులోని లోపమును, యంత్రపు ఆలస్యమును విడదీసి చూపగల ఉపాయము ఏదైన కలదా? ఇది ఆటకు సంబంధించిన ప్రశ్నవలె తోచినను, నిజమునకు భౌతిక ప్రయోగశాలలో కొలతలు తీయు ప్రతి విద్యార్థియు ఎదుర్కొను ప్రశ్నయే.

ఆటశాల నుండి జేబులోనికి

ఈ క్రీడలకు జన్మస్థానము జపాను అని చెప్పవచ్చును. 1996 డిసెంబరులో మసాయా మత్సుఉరా అను సంగీతకారుని బృందము 'పరప్పా ద రాపర్' అను ఆటను ప్లేస్టేషను యంత్రమునకు తయారుచేసినది. మరుసటి సంవత్సరము, 1997లో, కొనామి సంస్థ 'బీట్‌మేనియా' అను పెద్ద యంత్రమును ఆటశాలలలో నిలిపెను. నాణెము వేసి ఆడు ఈ యంత్రమున అయిదు మీటలును, గ్రామఫోను పళ్లెమువంటి తిరుగుడు చక్రమొకటియు ఉండెను. 1998లో అదే సంస్థవారి 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' వచ్చినది. ఇందులో మీటలు చేతిక్రింద లేవు. ముందు, వెనుక, ఎడమ, కుడి అను నాలుగు బాణపు గుర్తులు గల ఫలకములు కాళ్లక్రింద ఉండును. 2001లో నామ్‌కో సంస్థ జపాను దేశీయ వాద్యమైన తైకో డోలును యంత్రమునకు తగిలించెను. డోలు నడుమ కొట్టిన దెబ్బ వేరు, అంచున కొట్టిన దెబ్బ వేరు. ఈ రెండే ఆ ఆటకు అక్షరములు.

అమెరికాలో 2005లో వెలువడిన 'గిటార్ హీరో' ఈ క్రీడలను ఇంటింటి టెలివిజను ముందునకు తెచ్చినది. కంప్యూటరుపై ఆడదగిన వానిలో 2007లో డీన్ హెర్బర్ట్ ప్రారంభించిన 'ఓసు' మిక్కిలి ప్రసిద్ధము; ఇందులో పాటలకు గుర్తులు అమర్చువారు చాలవరకు ఆటగాండ్రే. జేబులో పట్టు ఫోనులకు 2008లో 'ట్యాప్ ట్యాప్ రివెంజ్', 2012లో తైవాను దేశపు రేయార్క్ సంస్థవారి 'సైటస్' వచ్చినవి. ఆటశాలలో మనిషి యెత్తు యంత్రము, ఇంటిలో కంప్యూటరు, చేతిలో ఫోను - మూడింటను ఆట ఒకటే, తీర్పు విధానము ఒకటే. కాని తీర్పు చెప్పుటకు కావలసిన కొలత మూడింటను ఒకే విధమైన సులభముతో లభింపదు.

తీర్పరి త్రాసు

కొలత ఎంత సూక్ష్మమైనదో ముందు చూడవలెను. సెకండులో వేయవ వంతు మిల్లీసెకండు. 'స్టెప్‌మేనియా' అను కంప్యూటరు ఆట యొక్క సాధారణ నియమము ప్రకారము, సరియైన క్షణమునకు 22.5 మిల్లీసెకండ్లు ముందుగాని వెనుకగాని నొక్కినచో మొదటి శ్రేణి తీర్పు. 45 లోపల నున్న రెండవది. 90 లోపల మూడవది. 'ఓసు'లో పాట కాఠిన్యమును బట్టి ఈ హద్దు మారును. మధ్యరకపు కాఠిన్యములో ఇరుప్రక్కల సుమారు 50 మిల్లీసెకండ్ల వరకు మొదటి శ్రేణి లభించును. మిక్కిలి కఠినమైన పాటలో 20 మాత్రమే. ఆటశాల యంత్రములలో కొన్ని సెకండుకు 60 చిత్రములు చూపుచు, ఒక్క చిత్రపు కాలమునే హద్దుగా పెట్టినవి. సెకండులో అరువదవ వంతనగా 16.7 మిల్లీసెకండ్లు.

ఈ అంకెల ప్రక్కన మనిషి వేగమును పెట్టి చూచిన ఆశ్చర్యము కలుగును. ఒకరు నిలువుగా పట్టుకొని హఠాత్తుగా విడిచిన కొలబద్దను మరియొకరు వ్రేళ్లతో పట్టుకొను చిన్న ప్రయోగము పాఠశాలలలో చేయుచుందురు. సాధారణముగా కొలబద్ద 20 సెంటీమీటర్లు జారిన పిమ్మట గాని చేతికి చిక్కదు. స్వేచ్ఛాపతన సూత్రము ప్రకారము 20 సెంటీమీటర్లు పడుటకు పట్టు కాలము సుమారు 0.2 సెకండు, అనగా 200 మిల్లీసెకండ్లు. కంటితో చూచి చేయి కదలించుటకు ఇంత కాలము కావలెను. చెవితో వినినచో కొంత తక్కువ, సుమారు 150. మరి 20 మిల్లీసెకండ్ల హద్దులో నొక్కుట మానవునకు ఎట్లు సాధ్యము?

చూచి నొక్కుటచే కాదు. ముందుగా ఊహించి నొక్కుటచే. తాళము సమాన వ్యవధులతో వచ్చుచుండుటచే, తరువాతి దెబ్బ ఎప్పుడు పడునో మెదడు లెక్కకట్టి, చేతికి ఆజ్ఞను ముందే పంపుచున్నది. భజనలో చప్పట్లు కొట్టువాడు దెబ్బ వినబడిన తరువాత చేయి కలుపడు గదా. దెబ్బయు చప్పటయు ఒకేసారి పుట్టును. ఈ శక్తికి హద్దులు కలవు. అర సెకండు ప్రాంతపు వ్యవధులతో వచ్చు తాళమును అనుసరించుట మనకు చాల సుఖము. వ్యవధి సుమారు 1.8 సెకండ్లు దాటినచో ఊహ పట్టు తప్పి, మనిషి దెబ్బను విని ఆ పిమ్మట కదలుట మొదలిడును. మరియొక చిత్రమైన సంగతి శతాబ్దమునకు పైగా శాస్త్రజ్ఞులు గమనించుచున్నారు: మెట్రోనోము టిక్కులతో కలిపి వ్రేలితో తట్టుమనిన, చాలమంది టిక్కుకంటె కొన్ని పదుల మిల్లీసెకండ్లు ముందే తట్టుదురు. తట్టువారికి మాత్రము తాము సరిగా కలిపినట్లే తోచును. సంగీతాభ్యాసము గలవారిలో ఈ తొందర తక్కువ.

కంటికంటె చెవి తాళమును బాగుగా పట్టును. మిణుకు మిణుకుమను దీపముతో చేయి కలుపుట, టిక్కు టిక్కుమను శబ్దముతో కలుపుటకంటె చాల కష్టము. అందుచేతనే ఈ ఆటలలో గుర్తులు ఉన్నచోట ఉండి వెలుగక, దూరము నుండి కదలి వచ్చి గీతను తాకునట్లు ఏర్పరుపబడినవి. కదలుచున్న వస్తువు ఎప్పుడు గీతను చేరునో కన్ను ముందుగా అంచనా వేయగలదు. చెంగున వచ్చు బంతిని పట్టుకొనుటలో ఉపయోగపడు నేర్పే ఇది.

మూడు దారులు, మూడు ఆలస్యములు

ఇక యంత్రము సంగతి. ఆటగాని ఊహ ఎంత చక్కనిదైనను, అది తనకు వినబడిన పాటను ఆశ్రయించియే ఉండును. యంత్రము పాటను పంపిన క్షణమును, ఆటగాని చెవిని ఆ పాట చేరిన క్షణమును ఒకటి కావు. ఈ తేడాను విలంబము అందము. పాఠశాల మైదానములో డ్రిల్లు చేయించునపుడు డ్రమ్ము చెంత నిలిచిన మొదటి వరుసకును, 34.5 మీటర్లు వెనుకనున్న చివరి వరుసకును దెబ్బ ఒకేసారి వినబడదు. శబ్దము సెకండుకు సుమారు 345 మీటర్లు పోవును గనుక చివరి వరుసవారికి 100 మిల్లీసెకండ్ల విలంబము. వారు తమకు వినబడిన దెబ్బకు సరిగా అడుగు వేసినను ముందు వరుసకు వెనుకబడినట్లే కనబడుదురు. వారి కాళ్లలో దోషమేమియు లేదు.

యంత్రములో శబ్దము నడచు దారి గాలిలోని దారికంటె విచిత్రమైనది. పాట సంఖ్యల రూపమున నిలువయుండును. సెకండునకు 44,100 లేదా 48,000 సంఖ్యలు. వీనిని ఒక్కొక్కటిగా పంపిన కంప్యూటరు వేరు పనిలో చిక్కుకొన్న క్షణమున శబ్దము తెగిపోవును. అందుచే కొన్ని సంఖ్యలను బఫరు అను తాత్కాలికపు గాదెలో పోసి, అక్కడనుండి ధారగా విడుతురు. గాదెలో 480 సంఖ్యలు పట్టినచో 48,000 ధారలో అది 10 మిల్లీసెకండ్ల విలంబము. గాదె పెద్దదైన కొలది శబ్దము తెగదు, కాని ఆలస్యము పెరుగును. బ్లూటూత్‌లో దీనికి తోడు పాటను కుదించి, రేడియో తరంగములపై పంపి, ఇయర్‌ఫోనులో తిరిగి విప్పవలెను. సాధారణముగా ఇందుకు 150 నుండి 250 మిల్లీసెకండ్లు పట్టును. 200 అనుకొన్నను, ఆ విద్యార్థి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని గాయకునికి 69 మీటర్ల దూరమున కూర్చున్నట్లే! అతని తట్టులన్నియు ఆలస్యమని యంత్రము చెప్పుటలో వింత లేదు.

చిత్రము దారి వేరు. పాత ఆటశాల యంత్రములలో క్యాథోడ్ కిరణ నాళపు తెరలుండెను. వానిలో చిత్రము దాదాపు వచ్చినది వచ్చినట్లే తెరపై పడును. పలుచని టెలివిజనులు వచ్చిన పిమ్మట చిక్కు వచ్చినది. రంగులను మెరుగుపరచుటకును, కదలికను నునుపు చేయుటకును టెలివిజను ప్రతి చిత్రమును తనలో కొంతసేపు నిలుపుకొనును. ఆ మెరుగు సినిమా చూచువారికి ఉపకారమే గాని ఆటగానికి కాదు. నేటి టెలివిజనులలో 'గేమ్ మోడ్' అను ఏర్పాటు ఉండుటకు కారణమిదే. అది మెరుగులను ఆపి చిత్రమును త్వరగా వదలును.

మూడవది చేతి దారి. కంప్యూటరు మీటలను ఎల్లవేళల చూచుచుండదు. సెకండునకు ఇన్నిసార్లని పలుకరించును. 125 సార్లు పలుకరించు మీటల పలకలో ఒక్కొక్క పలుకరింపునకు నడుమ 8 మిల్లీసెకండ్ల వ్యవధి; 1,000 సార్లు పలుకరించు దానిలో ఒక్కటే. పైగా మీటలోని లోహపు రేకులు తాకగానే నిలువక, బంతివలె కొన్ని మిల్లీసెకండ్లు ఎగిరెగిరి తాకును. ఒక్క నొక్కు పదిగా లెక్కింపబడకుండ యంత్రము కొంచెము ఆగి చూడవలెను. డోలు యంత్రములో మీటలకు బదులు, ఒత్తిడి తగిలిన విద్యుత్తు పుట్టించు పీజో స్ఫటికములు పనిచేయును. ఫోను తెరలో వ్రేలు తగిలిన చోట విద్యుద్ధారణ మారును. ఆ మార్పును ఫోను సెకండునకు 60, 120 లేదా అంతకు మించిన సార్లు పరిశీలించును.

ఇప్పుడు మూడు రకముల యంత్రములకు గల భేదము తేటపడును. ఆటశాల యంత్రములో తెర, స్పీకరు, మీట అన్నియు ఒకే సంస్థ అమర్చినవి. స్పీకరు ఆటగానికి ఎంత దూరముననున్నదో కూడ తెలిసినదే. విలంబమెంతయో ఒకసారి కొలిచి, ఆటలోనే సవరించి ఉంచవచ్చును. ఆ సౌకర్యము ఉన్నను నిర్మాతలు ఊరకొనలేదు. 'బీట్‌మేనియా' వంశపు యంత్రములలో 2019లో వచ్చిన క్రొత్త నమూనా సెకండునకు 120 చిత్రములు చూపునది. కంప్యూటరులో భాగములు ఎవరికి తోచినవి వారు కూర్చుకొందురు. కాని తెలిసినవాడు మంచి మీటల పలకను, త్వరితమైన తెరను ఎన్నుకొని విలంబమును తగ్గించుకొనగలడు. ఫోనునకు ఈ రెండు లాభములును లేవు. ఒకే ఆట వందలాది రకముల ఫోనులలో నడువవలెను, దేని విలంబము దానిదే. ఆండ్రాయిడ్ ఫోనులు వచ్చిన క్రొత్తలో శబ్దపు విలంబము 100 మిల్లీసెకండ్లు మించుట సామాన్యముగా ఉండెను. 2017లో వెలువడిన ఎనిమిదవ ఆండ్రాయిడ్‌లో శబ్దమునకు దగ్గరి దారి కల్పింపబడిన పిమ్మట స్థితి మెరుగుపడినది.

వీనికి తోడు కొన్ని దొంగ ఆలస్యములు కలవు. పాటను ఎమ్‌పీ3 రూపమునకు కుదించునపుడును, విప్పునపుడును మొదట కొంత నిశ్శబ్దము చేరును. ప్రసిద్ధమైన ఒక కుదింపు విధానములో ఇది 1,105 సంఖ్యలు. 44,100చే భాగించిన 25 మిల్లీసెకండ్లు. గుర్తులు అమర్చినవారు ఈ సంగతి మరచినచో పాట ఆసాంతము గుర్తులన్నియు 25 మిల్లీసెకండ్లు ప్రక్కకు జరిగియుండును. ఇక గడియారముల తగవు. కంప్యూటరులో కాలమును చెప్పు క్వార్ట్జు స్ఫటికమొకటి, శబ్దమును నడుపు స్ఫటికము వేరొకటి ఉండవచ్చును. రెండింటికిని పది లక్షలలో 50 వంతుల తేడా యున్నచో రెండు నిముషముల పాట ముగియునప్పటికి 6 మిల్లీసెకండ్ల ఎడము వచ్చును. అందుచే చక్కని ఆటలు గోడగడియారమును నమ్మవు. శబ్దధార ఎన్నవ సంఖ్యవరకు నడచినదో అడిగి కాలమును తెలిసికొనును.

రెండు అంకెలు

ఇన్ని ఆలస్యములు కలిసి వచ్చిన పిమ్మట ఆటగాని నేర్పును ఎట్లు పట్టుకొనవలెను? ఇందుకు గణితములోని రెండు సామాన్యమైన అంకెలు చాలును.

రాముడు, సీత అను ఇరువురు ఆటగాండ్రు ఎనిమిదేసి దెబ్బలు కొట్టిరనుకొందము. ఆలస్యమును ధనముగా, తొందరను ఋణముగా మిల్లీసెకండ్లలో వ్రాయుదము. సీత దెబ్బల తేడాలు: +66, +54, +75, +60, +45, +69, +57, +54. రాముని తేడాలు: +40, -20, 0, -40, +40, +20, 0, -40. పైని చెప్పిన 22.5, 45, 90 హద్దులతో తీర్పు చెప్పినచో రామునికి నాలుగు మొదటి శ్రేణి, నాలుగు రెండవ శ్రేణి. సీతకు 45 వద్ద పడిన దెబ్బ ఒక్కటి మాత్రము రెండవ శ్రేణికి అంచున నిలిచినది. తక్కిన ఏడును మూడవ శ్రేణి. యంత్రము దృష్టిలో రాముడు గెలిచినాడు.

ఇప్పుడు సగటులు తీయుదము. సీత తేడాల మొత్తము 480, సగటు 60. రాముని సగటు సున్న. పిమ్మట ఒక్కొక్క అంకె సగటునకు ఎంత దూరముననున్నదో చూచి, ఆ దూరముల వర్గముల సగటునకు వర్గమూలము తీసినచో ప్రామాణిక విచలనము వచ్చును. సీతకు వర్గముల మొత్తము 648; ఎనిమిదిచే భాగించిన 81; వర్గమూలము 9. రామునికి మొత్తము 7,200, భాగఫలము 900, వర్గమూలము 30.

కథ తలక్రిందులైనది. సీత చేయి గొప్ప నిలకడగలది. తాను ఎక్కడ కొట్టదలచినదో దానికి 9 మిల్లీసెకండ్ల మేరలో కొట్టుచున్నది. ఆమె దెబ్బలన్నియు ఒకేవైపు 60 మిల్లీసెకండ్లు జరుగుటకు కారణము శబ్దము 60 ఆలస్యముగా వచ్చుటయే కావచ్చును. ఆమె ప్రతి తేడా నుండి 60 తీసివేసినచో +6, -6, +15, 0, -15, +9, -3, -6 మిగులును. ఎనిమిదియు మొదటి శ్రేణియే. రామునికి ఏ అంకె తీసివేసినను లాభము లేదు. అతని దెబ్బలు ఇరువైపుల చెదరియున్నవి. అతనికి కావలసినది సవరణ కాదు, సాధన.

స్క్రూగేజితో తీగ మందమును కొలిచిన విద్యార్థికి ఇది క్రొత్త కాదు. మరచీలను పూర్తిగా బిగించినను సున్న సున్నతో కలియనిచో అది శూన్యాంశ దోషము. దానిని ఒకసారి గుర్తించి ప్రతి కొలతనుండి తీసివేయుదుము. కొలత కొలతకు వచ్చు చిన్న చిన్న హెచ్చుతగ్గులు వేరు. వానిని తీసివేయు అంకె లేదు. లయ క్రీడలలో క్యాలిబ్రేషను అనునది శూన్యాంశ సవరణయే. ఆట ప్రారంభమున కొన్ని టిక్కులు వినిపించి, వానితో కలిపి తట్టుమని కోరి, తట్టుల సగటును తీసికొని అంతటి అంకెను సవరణగా ఉంచుకొనును. 2008లో వచ్చిన 'రాక్ బ్యాండ్ 2' ఆటలో గిటారు బొమ్మలోనే కాంతిని పట్టు సాధనమును, మైక్రోఫోనును అమర్చిరి. గిటారును టెలివిజను ముందు పట్టినచో అది తెర మెరుపును, స్పీకరు చప్పుడును తానే గ్రహించి రెండు విలంబములను కొలుచుకొనును. మనిషి చేతిని నమ్మకుండ యంత్రమును యంత్రము చేతనే కొలిపించిన ఈ యుక్తి మెచ్చదగినది. చేతితో తట్టించి తీసిన సగటులో యంత్రపు ఆలస్యముతోపాటు, పైన చెప్పిన మానవ సహజమైన తొందరయు కలిసిపోవును గదా.

'ఓసు' ఆటగాండ్రు ప్రామాణిక విచలనమును పదిచే గుణించి 'అస్థిరపు అంకె' అను అర్థముగల పేరుతో చూచుకొందురు. ఆ లెక్కను సీతకు 90, రామునికి 300. పాఠశాలలో ప్రామాణిక విచలనము పేరు వినక పూర్వమే ఎందరో బాలబాలికలు ఈ ఆటచే దాని అర్థమును గ్రహించియుందురు.

అయితే సవరణ సర్వరోగ నివారిణి కాదు. అది మారని విలంబమునకే మందు. ఫోను తెరను సెకండునకు 60 సార్లు మాత్రమే చూచునదైనచో, వ్రేలు తగిలిన క్షణమునకును గుర్తింపబడిన క్షణమునకును నడుమ సున్న మొదలు 16.7 వరకు ఎంతయైనను ఉండవచ్చును. దీని సగటును సవరింపవచ్చును గాని చెదరుటను ఆపలేము. అట్టి సమవిభాజనపు విచలనము 16.7ను 12 యొక్క వర్గమూలముచే భాగించిన వచ్చు 4.8. సీత సొంత విచలనము 9 గనుక, రెండింటి వర్గములను కూడి మూలము తీసిన 10.2 అగును. యంత్రము ఆమె పేరిట కొంత అస్థిరత్వమును దొంగచాటుగా వ్రాయుచున్నదన్నమాట. రాముని 30కి ఇది చేరిన 30.4 మాత్రమే; అతనికి తెలియనే తెలియదు. చెడ్డ యంత్రము నేర్పరినే ఎక్కువ బాధించును.

సవరణ చేయజాలని మరియొక స్థితి కలదు. 'బీట్‌మేనియా'లో మీటను నొక్కినపుడే పాటలోని ఆ స్వరము పలుకును. ఆటగాడు పాటను అనుసరించుట కాదు, పాటలో కొంత తానే వాయించుట. ఇచట శబ్దము 100 మిల్లీసెకండ్లు ఆలస్యమైనచో తీర్పును సవరింపవచ్చును, కాని స్వరమును నొక్కుటకు ముందే పలికించుట ఏ యంత్రమునకును శక్యము కాదు. ఫలము కారణమునకు ముందు రాదు. వాయించువాడు తన వ్రేలినుండి పుట్టిన శబ్దమును ఆలస్యముగా విని తడబడును. ఈ తరహా ఆటలు ఆటశాల యంత్రములలో పుట్టుటయు, బ్లూటూత్ ఇయర్‌ఫోనుతో ఆడుట దుస్సాధ్యమగుటయు ఇందుచేతనే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఆట లేకుండనే దీనిని పాఠశాలలో పరీక్షింపవచ్చును. రెండు ఫోనులు చాలును. ఒకదానిలో ఉచితముగా దొరకు మెట్రోనోము పెట్టి నిముషమునకు 120 టిక్కులు, అనగా అర సెకండున కొకటి చొప్పున, దాని స్పీకరు నుండియే వినిపింపవలెను. విద్యార్థి దాని ప్రక్కనే బల్లపై పెన్సిలుతో టిక్కులతో కలిపి కొట్టవలెను. రెండవ ఫోను ఆ శబ్దములను రికార్డు చేయును. టిక్కును, పెన్సిలు చప్పుడును ఒకే మైక్రోఫోనులో పడుచున్నవి గనుక రికార్డు చేయు ఫోను విలంబము రెండింటికిని సమానమై, తీసివేతలో పోవును. మెట్రోనోము ఫోను విలంబము కూడ బాధింపదు. విద్యార్థి వినునదియు రికార్డగునదియు బయటికి వచ్చిన టిక్కే గదా. మైక్రోఫోను రెండు శబ్దములకును సమాన దూరమున ఉండవలెను, 34.5 సెంటీమీటర్ల తేడాకు ఒక మిల్లీసెకండు తప్పు వచ్చును.

ఆ రికార్డును కంప్యూటరులో శబ్దతరంగముగా చూపు ఏదేని సాధనముతో తెరచి, పెద్దదిచేసి, ప్రతి టిక్కు మొదలునకును దాని జంట పెన్సిలు చప్పుడు మొదలునకును గల ఎడమును మిల్లీసెకండ్లలో వ్రాసికొనవలెను. మొదటి అయిదారు దెబ్బలను వదలి తరువాతి ముప్పదింటికి సగటును, ప్రామాణిక విచలనమును కట్టిన చాలును. సగటు చాలమందికి ఋణముగా వచ్చును. మృదంగమో, డోలో నేర్చుచున్న విద్యార్థి తరగతిలో ఉన్నచో అతని విచలనమును తక్కినవారి విచలనముతో పోల్చుట బాగుండును. పిమ్మట మెట్రోనోమును నిముషమునకు 20 టిక్కులకు తగ్గించి అదే విద్యార్థిచే మరల కొట్టింపవలెను. వ్యవధి ఇప్పుడు 3 సెకండ్లు. దెబ్బలు మునుపటికంటె చాల చెదరును. కొన్ని టిక్కులకు ముందుగా పడును, మరికొన్ని టిక్కు వినబడిన పిమ్మట 150 మిల్లీసెకండ్ల ప్రాంతమున పడును. అట్లు పడిన చోటనెల్ల విద్యార్థి మెదడు ఊహించుట మాని, వినుటకై కాచుకొని కూర్చున్నదని గ్రహింపవలెను.